కోబోలో ఊరి కోడు: ఆరేళ్లు వాడాక

ఫోన్లో వివరాలు సేకరించే కోబోటూల్‌బాక్స్ ఉచితమనీ, సిగ్నల్ లేకపోయినా ఫారం నింపొచ్చనీ సహాయ పనుల్లో తిరిగేవాళ్లందరికీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది మా ఫారంలో మేం పెట్టుకున్న ఒక్క గడి గురించే. ఊరి పేరు టైపు చేయనివ్వదు. జిల్లా నొక్కితే మండలాలు, మండలం నొక్కితే ఊళ్లు వస్తాయి, వెనకాల కేంద్రప్రభుత్వ ఎల్‌జీడీ (స్థానిక సంస్థల డైరెక్టరీ) ఆ ఊరికిచ్చిన కోడు పడుతుంది. ఐక్యరాజ్యసమితిలో సహాయ పనులను సమన్వయం చేసే ఓచా వాళ్ల పి-కోడ్ల (ప్రాంతాల కోడ్ల) వెనక ఆలోచనా ఇదే: పేరు ఎవరెలా రాసినా కోడు ఒక్కటే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వారం తిరక్కుండా ఉద్దానంలో మా చేతికి మూడు జాబితాలొచ్చాయి. టార్పాలిన్లు ఒకరివి, బియ్యం ఇంకొకరిది, మందులు మావి. ఒకే ఊరిని ఒకరు ‘పెద’ అని, ఇంకొకరు ‘పెద్ద’ అని, మేము ఉత్త ‘పి’ పక్కన చుక్క పెట్టి రాశాం. కారు బ్యాటరీతో ల్యాప్‌టాప్ నడుపుకుంటూ రెండు రాత్రులు ఒక్కో వరసా చూసి కలిపి, ప్రతి ఊరికీ కోడు వేశాం. మూడో రాత్రి ఎక్సెల్‌లో వీలుకప్ (కోడును బట్టి జాబితాలను జతచేసే సూత్రం) కొడితే, ఏ ఊరికి ఏది అందలేదో పావుగంటలో తేలిపోయింది. ప్రాణం లేచొచ్చింది.

నాలుగు రోజుల తర్వాత వజ్రపుకొత్తూరు వైపు వెళ్లిన మా కుర్రాడు ఫోన్ చేశాడు. జాబితాలో అన్నీ అందినట్టున్న ఊరికి తూర్పున, కూలిన కొబ్బరిచెట్లు దాటుకుని వెళ్లాల్సిన పాలెంలో ఒక్క టార్పాలినూ లేదు. ఫారంలో పాలెం పేరు వెతుకుతుంటే పక్కనున్న ముసలామె తొంగిచూసి, ‘మీ ఫోన్లో మా ఊరు నేదేటి బాబూ?’ అని అడిగిందట. మేం ఎక్కించిన జాబితా రెవెన్యూ గ్రామం దగ్గరే ఆగిపోయింది, దాని కింది శివారు పాలేలు అందులో లేవు. పాత కాగితాలు తిరగేస్తే, బియ్యం వాళ్ల చేతిరాత జాబితాలో ఆ పాలెం పేరు స్పష్టంగా ఉంది. కోడు వేసేటప్పుడు పెద్ద ఊరి కింద కలిపేసింది నేనే. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మనసు ఊరుకోదు.

తర్వాత కోడు కింద పాలేనికి వేరే గడి పెట్టాం. మా జట్టుకు సరిపోయింది గానీ, ఆ గడి లేని సంస్థల జాబితాతో కలిపితే మళ్లీ పెద్ద ఊరి లెక్కే వస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు సింగ్ నగర్‌నీ పాయకాపురాన్నీ ముంచినప్పుడు ఊరి కోడు ఎందుకూ పనికిరాలేదు. అక్కడ కావలసింది వీధి, డోర్ నంబరు.

మాది పదిహేను మంది జట్టు, పని ఎక్కువగా పల్లెల్లోనే. మాకైతే ఊరి కోడు లేకుండా కుదరదు. నగరాల్లో పనిచేసేవాళ్లకు ఇంత గట్టిగా చెప్పలేను. ఇప్పుడు ఏ మండలానికి వెళ్లినా, జాబితా ఎక్కించే ముందు ఆశా కార్యకర్త పక్కన కూర్చుని శివారు పాలేల పేర్లు ఆమె చేతే రాయిస్తున్నాను.