మెటల్ వాల్వ్ ఉన్నవాళ్ళకి ఇంట్లో ఐఎన్‌ఆర్ మీటర్: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల గుండె ఆపరేషన్ అయినవాళ్ళు ఎక్కడ కలిసినా నన్ను అడిగేది ఒకటే. "ఆ వేలు పొడిచే మిషను కొనొచ్చేటి బావూ, డబ్బులు దండగేనా?" బజార్లో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి. చిన్నతనంలో గొంతునొప్పి, జ్వరం, కీళ్ళ వాపులతో మొదలైన రుమాటిక్ జబ్బు పెద్దయ్యేసరికి గుండెలో రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపుల్లో ఒకటైన మైట్రల్ వాల్వ్‌ని తినేసింది. విశాఖలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ పెట్టారు. మెటల్ అని పిలుస్తాం గాని లోపల తెరుచుకుని మూసుకునే రెండు రేకులూ గట్టి కార్బన్‌వే. ఆ రేకుల మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ గాని, మన దగ్గర ఎక్కువగా రాసే ఎసిట్రోమ్ గాని వేసుకోవాలి. మాత్ర తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. రెంటికీ మధ్య ఎక్కడున్నామో చెప్పేది ఐఎన్‌ఆర్ పరీక్ష: అంకె తగ్గితే గడ్డ వైపు, పెరిగితే రక్తస్రావం వైపు ఉన్నట్టు. మైట్రల్ స్థానంలో వాల్వ్ ఉన్నవాళ్ళకి మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. గుండె నుంచి రక్తం బయటికి పోయే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వ్‌కి, వేరే ఇబ్బందులేవీ లేకపోతే, 2 నుంచి 3 చాలు. ఎవరి గీత ఎంతో వాళ్ళ డాక్టర్ గారు కాగితం మీద రాసిస్తారు. పక్కవాడి అంకె చూసి మనం కంగారు పడక్కర్లేదు.

మీటర్ విషయానికొస్తే, చూడ్డానికి షుగర్ మీటర్‌కి పెద్దన్నలా ఉంటుంది. స్ట్రిప్ పెడితే వేడెక్కుతుంది, వేలి పక్కన పొడిచి ఒక్క చుక్క అంటిస్తే నిమిషం తిరిగేలోపు అంకె వస్తుంది. పొడిచాక పదిహేను సెకన్లలోపు చుక్క స్ట్రిప్‌కి చేరాలి. చుక్క చాల్లేదని రెండో చుక్క కలిపితే ఆ స్ట్రిప్ పోయినట్టే. వేలిని పిండి పిండి రక్తం తీయకూడదు, కండలోని నీరు కలిసి లెక్క తప్పుతుంది. గోరువెచ్చని నీళ్ళతో చేయి కడిగి, పూర్తిగా తుడిచి, చేయి కాసేపు కిందికి వేలాడేస్తే చుక్క దానంతటదే వస్తుంది. మొదట్లో కొన్ని స్ట్రిప్‌లు వృథా అవుతాయి, అది కూడా ఖర్చులో వేసుకోండి.

మా ఊరి వేసవి దీనికి పడదు. నా మీటర్ 18 నుంచి 32 డిగ్రీల మధ్యే పనిచేస్తుందని దాని పుస్తకంలో ఉంది. మే నెల మిట్టమధ్యాహ్నం తీస్తే వేడి గుర్తు చూపించి మొరాయిస్తుంది. తెల్లవారుజామున చేసుకుంటే బాధ లేదు. స్ట్రిప్‌లని మాత్రం ఫ్రిజ్‌లోనైనా, 30 డిగ్రీలు దాటని గదిలోనైనా పెట్టుకోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా పలాస వైపు ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. జీడి, కొబ్బరి చెట్లు రోడ్లకి అడ్డంగా పడ్డాయి. ల్యాబులు మూతపడ్డాయి. ఈ మీటర్ నాలుగు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది కాబట్టి నా పరీక్ష ఆగలేదు. 2020 లాక్‌డౌన్‌లోనూ అంతే. పెట్టిన డబ్బుకి ఆ రెండు సందర్భాలే చాలని మా ఆవిడ అంటుంది. నేనయితే అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి చెబుతాను.

నెలకోసారి ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు తెలిసేది ఆ ఒక్క రోజు సంగతి. ఐఎన్‌ఆర్ దారి తప్పేది మధ్యలో, ఏదో ఒకటి మారిన వారంలో. మీటర్ ఇంట్లో ఉంటే ఆ వారమే పట్టుకోవచ్చు.

ఆషాఢం సంగతి చూడండి. ఆ నెలలో మునగాకు తినాలని మా ఇంట్లో ఆనవాయితీ. పప్పులో మునగాకు, పొడి మునగాకు, పక్కింటి నుంచి వచ్చిన గిన్నెలోనూ మునగాకే. అందులో విటమిన్ కె దండిగా ఉంటుంది, అది మన మాత్రకి ఎదురు పనిచేస్తుంది. ఒక ఏడు ఆషాఢం నడిమికి నా అంకె 2.1కి దిగింది. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఆకుకూరలు మానెయ్యమనలేదు. తోటకూరైనా పాలకూరైనా తినొచ్చు, వారంవారం ఒకే లెక్కలో తినమన్నారు. మోతాదు కొద్దిగా పెంచి, వారం తర్వాత మళ్ళీ చూడమన్నారు. అదే నెలాఖరు ల్యాబ్ పరీక్షకి వదిలేసి ఉంటే అన్నాళ్ళూ వాల్వ్ తక్కువ రక్షణతో ఉండేది.

ఇంకోసారి పంటి చిగురు వాచింది. పన్ను తీసే ముందు గుండె లోపలి పొరకి ఇన్‌ఫెక్షన్ సోకకుండా గంట ముందు రెండు గ్రాముల అమాక్సిసిలిన్ ఇచ్చారు. వాల్వ్ ఉన్నవాళ్ళు పంటి డాక్టర్‌కి ముందే చెప్పాల్సింది ఇదే, ఎందుకంటే మన నోటికీ గుండెకీ దారి దగ్గర. ఆ తర్వాత వాపు తగ్గడానికి రాసిన వాటిలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఉంది. అది ఐఎన్‌ఆర్‌ని ఎగదోస్తుందని గుండె డాక్టర్ గారు ముందే చెప్పి, మూడో రోజున, తర్వాత మళ్ళీ చూడమన్నారు. రెండోసారి 4.8 చూపించింది. ల్యాబ్‌లో కూడా దాదాపు అంతే వచ్చింది. ఒక పూట మాత్ర ఆపించి, తర్వాత తగ్గించారు. సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్, ఫంగస్‌కి వాడే ఫ్లుకోనజోల్ కూడా ఐఎన్‌ఆర్‌ని ఇలాగే ఎగదోస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ అయితే రివర్సులో, ఐఎన్‌ఆర్‌ని పాతాళానికి తొక్కేస్తుంది. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ అయితే అంకె పెద్దగా మారకపోయినా కడుపులో రక్తం కారే ప్రమాదం పెంచుతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ "ఒక్క సూదేసేస్తే తగ్గిపోద్ది" అన్నప్పుడల్లా నేను చేయి వెనక్కి తీసుకుంటాను. కండకి వేసే ఇంజెక్షన్ మనకి లోపల రక్తం గూడు కట్టే పని. జ్వరం మూడు రోజులు దాటితే యాంటీబయాటిక్ వాడకముందే రక్తం కల్చర్‌కి, అంటే అందులో క్రిములున్నాయేమో చూసే పరీక్షకి, ఇవ్వాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ల్యాబ్‌తో తేడా గురించి అందరూ అడుగుతారు. నాకు ఒకే పూట తీసినా మీటర్‌లో 3.3, ల్యాబ్‌లో 3.0 లాంటివి వస్తూనే ఉంటాయి. అరకి లోపల తేడాని పట్టించుకోవద్దని నా డాక్టర్ గారి మాట. 4 దాటిన కొద్దీ మీటర్ నమ్మకం తగ్గుతుంది, అప్పుడు సిరంజి రక్తంతో ల్యాబ్‌లో చూపించుకోవాలి. ల్యాబ్ అంకె కూడా దైవవాక్కేం కాదు. నీలం మూత ట్యూబు గీత దాకా నిండకపోతే, లోపల ముందే ఉండే గడ్డకట్టనివ్వని మందు వంతు ఎక్కువై ఐఎన్‌ఆర్ పెరిగినట్టు చూపిస్తుంది. ఒకచోట సగం ట్యూబు తీసి రిపోర్టు చేతిలో పెట్టారు, అంకె చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్. వేరే చోట సరిగ్గా తీయిస్తే మామూలుగానే ఉంది. అప్పటి నుంచి ట్యూబు నిండిందో లేదో నేనే చూసుకుంటాను, వాళ్ళు విసుక్కున్నా సరే.

మీటర్‌తో వచ్చే అసలు తలనొప్పి స్ట్రిప్‌లు. ఒక్కోటి ల్యాబ్ పరీక్ష కంటే ఖరీదు, మా ఊళ్ళో ఏ మందుల షాపులోనూ ఉండవు. తెప్పించుకుంటే ఒకసారి గడువు దగ్గరపడిన డబ్బా అంటగట్టారు. ఇప్పుడు డబ్బు కట్టేముందే గడువు తేదీ ఫొటో పెట్టమంటాను. ప్రతి డబ్బాతో ఒక చిప్ వస్తుంది, పాతది తీసి కొత్తది పెట్టాలి, ఒక డబ్బా చిప్ ఇంకో డబ్బా స్ట్రిప్‌లకి పెడితే పరీక్షే జరగదు. స్ట్రిప్ ఖరీదు చూసి పరీక్షలు మరీ తగ్గించేస్తే మీటర్ కొన్న అర్థమే లేదు. నేను స్థిరంగా ఉన్నప్పుడు రెండు వారాలకోసారి, ఏదైనా మారితే దాన్ని బట్టి చూసుకుంటాను.

రోజూ పొడుచుకునేవాళ్ళని కూడా చూశాను. అదీ దండగే. మాత్ర మార్చిన ఫలితం తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది, వార్ఫరిన్‌కి ఇంకా ఎక్కువ. మర్నాడే అంకె చూసి మళ్ళీ మార్చేస్తే ఊగిసలాటే మిగులుతుంది. వారం మొత్తం మోతాదు చూసి, దాంట్లో కొద్ది శాతమే డాక్టర్లు మారుస్తారు. కాబట్టి కొనేముందే అంకె పంపితే జవాబిచ్చే డాక్టరో, నర్సో ఉన్నారా అని కనుక్కోండి. నేను ఒక నోటుబుక్కులో తేదీ, అంకె, వేసుకున్న మాత్ర, ఆ వారం కొత్తగా ఏం తిన్నానో రాసి ఫొటో తీసి పంపుతాను. డాక్టర్ గారు మీటర్ కంటే ఆ నోటుబుక్కునే ఎక్కువ మెచ్చుకున్నారు.

మీటర్ చెప్పలేనివి కూడా ఉన్నాయి. అంకె బాగున్నా ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, చేయి చచ్చుబడినా, రాత్రి నిశ్శబ్దంలో వినిపించే వాల్వ్ టిక్‌టిక్ మందగించినా మీటర్ తీయకండి, బండి తీయండి. వాల్వ్ ఇరుక్కుందో లేదో ఎకో స్కాన్, రేకుల కదలిక చూపించే ఎక్స్‌రే అయిన ఫ్లోరోస్కోపీ చూసి చెబుతారు. మా వైపు నుంచి విశాఖ చేరడానికి పట్టే టైము మనకి తెలిసిందే.

పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయట కదా అని కొందరు అడుగుతారు. అవి మెటల్ వాల్వ్ వాళ్ళకి కాదు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్‌తో చేసిన రీ-అలైన్ పరిశోధనలో గడ్డలూ, రక్తస్రావమూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి.

చివరగా ఉద్దానం వాళ్ళకి ఒక మాట. ఇక్కడ కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళు ఎన్నో, రక్తహీనత కూడా దాని వెంటే ఉంటుంది. రక్తంలో ఎర్రకణాల వంతు, అంటే హెమటోక్రిట్, 25 శాతం కన్నా పడిపోతే నా మీటర్ లాంటివి సరైన అంకె చూపించవు. యాంటీఫాస్ఫోలిపిడ్ సమస్య, అంటే ఒంట్లోని యాంటీబాడీల వల్ల రక్తం ఊరికే గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్ళకీ అంతే. వాల్వ్‌తో పాటు కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ముందు హెమటోక్రిట్ చూపించుకోండి. తర్వాత ఎవరి దగ్గరైనా మీటర్ అడిగి తీసుకుని, సొంత స్ట్రిప్‌తో, కొత్త సూదితో ఒకట్రెండు సార్లు ల్యాబ్‌తో పోల్చి చూసుకుని, అప్పుడు కొనండి. పలాస వైపు వాళ్ళయితే నా మీటర్ ఇస్తాను.