డంబార్టన్ హౌస్, జార్జ్‌టౌన్: వరంగల్ కొత్తవాడ మనిషి చూసిన పాత ఇల్లు (5 స్టార్లకు 4)

వాషింగ్టన్‌లో పిల్లలున్న మన వరంగల్ వాళ్లు వైట్‌హౌస్ గేటు ముందు ఫొటో దిగి తిరిగొచ్చేస్తారు. ఈసారి పోతే డంబార్టన్ హౌస్ కూడా చూసి రండి. అది వాషింగ్టన్‌లోనే జార్జ్‌టౌన్ అనే పేటలో ఉంది, అక్కడికి మెట్రో స్టేషన్ లేదు. డూపాంట్ సర్కిల్‌లో దిగి క్యూ స్ట్రీట్ పట్టుకొని నడిస్తే అడవిదున్నల విగ్రహాలున్న వంతెన వస్తుంది. అది దాటితే వచ్చేసినట్టే. కారులో పోతే పార్కింగ్ వెతుక్కోవడంతోనే పొద్దుపోతుంది.

1800 ప్రాంతంలో కట్టిన ఇటుకల ఇల్లు. ఆ వంతెనకు రోడ్డు కలిపేటప్పుడు ఇది అడ్డమొచ్చింది. మన దగ్గరైతే గోడకు మార్కింగ్ వేసి జేసీబీ తెచ్చేవాళ్లు. అక్కడ మాత్రం 1915లో ఇంటి నడిమి భాగాన్ని ఉన్నదున్నట్టే లేపి వెనక్కి జరిపారట! 1814 ఆగస్టు 24న ఇంగ్లీషు సైన్యం వైట్‌హౌస్‌ను తగలబెట్టిన రోజు, ప్రెసిడెంట్ మాడిసన్ భార్య డాలీ ఊరొదిలి పోతూ కాసేపు ఆగింది కూడా ఇక్కడే.

దీన్ని నడిపేది ఆడవాళ్ల సంఘం. పేరు నేషనల్ సొసైటీ ఆఫ్ ది కలోనియల్ డేమ్స్ ఆఫ్ అమెరికా. 1891లో పెట్టుకున్నారు, 1928లో ఈ ఇల్లు కొన్నారు. వాళ్ల హెడ్డాఫీసు కూడా ఇదే. సభ్యురాలు కావాలంటే, దేశానికి స్వాతంత్ర్యం రాకముందు అక్కడి ఇంగ్లీషు వలస రాజ్యాల్లో (కాలనీల్లో) ఉండి, ఏదో ఒక సేవ చేసిన పూర్వీకుడు ఉండాలి. ఆయన నుంచి తన దాకా ఒక్క తరం తెగకుండా కాగితాలు చూపాలి. అన్నీ ఉన్నా, లోపలివాళ్లు పిలిస్తేనే ప్రవేశం.

ఇది వింటుంటే నాకు కూనపులి వాళ్లే గుర్తొచ్చారు. మేం పద్మశాలీలం. కథంతా బొమ్మలుగా గీసిన చేర్యాల పటం విప్పి, మా మూలపురుషుడు భావనాఋషి నుంచి మొదలుపెట్టి మా కులం కథ చెప్పే హక్కు వాళ్లది. మా వాడకట్టులో వాళ్ల కథ రాత్రంతా నడిచేది. అయితే నేను విన్నంతలో ఇంటిపేర్లు, తాతల పేర్లే. కండెలు చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాసిన మా నాయనమ్మ పేరు ఏ కథలోనూ రాలేదు. ఈ డేమ్స్ లెక్కలో తల్లి వైపు నుంచి వచ్చిన వంశం కూడా చెల్లుతుందని మా బిడ్డ చెప్పింది. అది నాకు బాగా నచ్చింది. అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంటని మా ఆయన్ను అడిగితే, నీళ్లు నమిలాడు.

ఇంట్లో కుర్చీలు, పింగాణీ, పటాలు చాలానే ఉన్నాయి. అందరూ వాటిని చూస్తుంటే నేను నేల చూశాను. ఆ కాలంలో తివాచీని మగ్గం వెడల్పులో సన్నటి పట్టీలుగా నేసి, అంచుకు అంచు కలిపి కుట్టి గది నిండా పరిచేవాళ్లు. కుట్టు దగ్గర పువ్వుకు పువ్వు కలవాలి, లేకపోతే మొత్తం పాడవుతుంది. మా కొత్తవాడ జంపఖానా అట్లా కాదు, ఎంత వెడల్పైనా మగ్గం మీద ఒక్కటిగానే దిగుతుంది. అతుకు లేదు కాబట్టి మార్కులు మనకే. నేత తెలిసినవాళ్లు పోతే గోడలకంటే నేలే ఎక్కువసేపు చూడండి.

ఇక ఆ తగ్గించిన ఒక్క స్టార్ ఇంటికి కాదు, ఆ సంఘం నియమానికి. వలసల కాలమంటే బానిసల కాలం కూడా. 1850, 1860 జనాభా లెక్కల్లో సైతం బానిసల వయసు, ఆడా మగా అన్నది రాశారే గానీ, పేర్లు దాదాపుగా రాయలేదు. యజమాని పేరు కిందే లెక్క. అట్లాంటి ఇంట్లో వంట చేసి, బట్టలుతికినామె మునిమనవరాలు ఇప్పుడొచ్చి అడిగితే ఏ కాగితం చూపించాలి?