డ్రోన్ పంపాలా, సైనికుల్ని పంపాలా?

2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఒక తెల్ల టొయోటా కారుపై అమెరికా డ్రోన్ క్షిపణి వేసింది. కారులోకి ఎక్కించిన నీళ్ల డబ్బాల్ని పైనుంచి చూసి పేలుడు పదార్థాలనుకున్నారు. 10 మంది సాధారణ పౌరులు చనిపోయారు, వాళ్లలో ఏడుగురు పిల్లలు! గంటల తరబడి ఆ కారుని వెంటాడి చూశాక జరిగిన ఘోరం ఇది. పొరపాటని ఒప్పుకున్నారు, ఎవరిపైనా చర్య మాత్రం లేదు.

2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఉన్న ఇంటిపై బాంబులు వేద్దామన్న ఆలోచనా వచ్చింది. ఒబామా సైనికుల్నే పంపారు. ఒక హెలికాప్టర్ కూలింది, ఒక మహిళ కూడా బలైంది. కానీ ఇంట్లోని చిన్నపిల్లలు బతికారు.

డ్రోన్‌తో సొంత సైనికుడికి ముప్పుండదు, నిజమే. ఆ ముప్పంతా కింద ఉన్నవాళ్ల నెత్తిన పడుతోంది. టైమ్ ఉంటే సైనికుల్ని పంపడమే న్యాయమని నా అభిప్రాయం. ఎదురుగా పిల్లాడు కనిపిస్తే సైనికుడు తుపాకీ దించగలడు.