ఆయిల్ లైట్ వచ్చి పోతుంటే: స్విచ్ మార్చాలా, చిక్కటి ఆయిల్ పోయాలా, గేజ్ పెట్టాలా?

డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు సిగ్నల్ దగ్గర మిణుకుమంటుంది, యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే ఆరిపోతుంది. ఇక రెండు వారాలు దాని జాడే ఉండదు. ఏం చేయాలి? ఈ మధ్య మళ్లీ మళ్లీ ఇదే అడుగుతున్నారు. అడిగేవాళ్లు చాలామంది జవాబు కూడా వెంట తెచ్చుకుంటున్నారు, "సెన్సర్ పోయుంటుంది కదా?" అని. పోయుండొచ్చు. కానీ ఆ మాట నిజమో కాదో తేల్చుకునే పద్ధతి దగ్గరే అందరూ తడబడుతున్నారు.

బండి పక్కకు ఆపడం, ఇంజిన్ ఆఫ్ చేయడం, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ) తీసి చూడడం, తక్కువుంటే పోయడం ఇవన్నీ అయిపోయాయనే అనుకుంటున్నాను. లైట్ ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఎంచుకోవడానికేమీ లేదు, టోయింగ్ బండిని పిలవాల్సిందే. మలుపుల్లోనో, గట్టిగా బ్రేకు వేసినప్పుడో మాత్రమే వెలిగిందంటే ఆయిల్ తక్కువై పంపు గాలి పీల్చిందని ముందుగా అనుమానించాలి. లెవెల్ సరిచేశాక మళ్లీ రాకపోతే, ఇక ఆ ఆయిల్ ఎటు పోతోందో వెతకాలి. ఒకవేళ లెవెల్ మాక్స్ గీత దాటి, డిప్‌స్టిక్ పెట్రోలు వాసన కొడుతుంటే ఇంధనం కలిసి ఆయిల్ పలచబడినట్టు. ముందు దాన్ని మార్చండి. అసలు చిక్కు లెవెల్ సరిగ్గా ఉండి కూడా లైట్ వచ్చి పోతున్నప్పుడే.

ఆ మిణుకును తేలిగ్గా తీసుకోవద్దని ఎందుకంటానంటే, ఆ లైటును వెలిగించేది ఇంజిన్ మీదుండే ఆయిల్ ప్రెజర్ స్విచ్, అందరూ సెన్సర్ అనేది దీన్నే. చాలా కార్లలో ప్రెజర్ 0.3 నుంచి 0.5 బార్ (బార్ అంటే ప్రెజర్ కొలత) దాకా పడిపోతే గానీ అది లైట్ వెలిగించదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో, బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో కూడా సాధారణంగా 1 బార్ గానీ ఆపైన గానీ ఉంటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర 3, 4 బార్ కనిపిస్తుంది. అంటే ఇది పెట్రోలు లైటులాగా ముందే చెప్పి హెచ్చరించే రకం కాదు. అది చెప్పేది నిజమే అయితే ప్రెజర్ అప్పటికే అడుగంటింది, బేరింగుల మధ్య ఆయిల్ పొర చిరిగిపోయే దశకు వచ్చింది.

మొదటి దారి, స్విచ్ మార్చేయడం. షెడ్డులో ఎక్కువగా చెప్పేది ఇదే, అందులో తప్పు పట్టడానికీ లేదు. ఆ స్విచ్‌లు నిజంగానే పోతుంటాయి. లోపలి డయాఫ్రం (ప్రెజర్‌కు కదిలే పలచటి పొర) పాడై ఆయిల్ కనెక్టర్లోకి ఎక్కుతుంది. కొన్నిసార్లు స్విచ్ బాగానే ఉంటుంది, దాని వైరు ఒరుసుకుపోయి ఇంజిన్ బాడీకి తగులుతుంటుంది. ఒకే వైరు ఉండే పాత పద్ధతి స్విచ్ అయితే ఆ తగలడమే చాలు లైట్ వెలగడానికి. అందుకని కనెక్టర్ ఊడదీసి, లోపల తడిగా ఉందేమో వేలితో చూడడం ఎలాగూ చేయాల్సిన పని. స్విచ్ ధర తక్కువ, మార్చడం సులువు.

మరి నా అభ్యంతరం ఏమిటంటే, లోపం ఉండి ఉండి వచ్చే రకం. స్విచ్ మార్చాక నాలుగు రోజులు లైట్ రాలేదు. దాన్నిబట్టి ఏం తేలింది? మార్చకపోయినా ఆ నాలుగు రోజులు రాకపోయేదేమో. రోజూ వెలిగే లైటైతే మార్చి చూడడం పరీక్షే. వారానికోసారి మెరిసే లైటుకు అది పరీక్ష కాదు, ఆశ. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఒకే నంబరు స్విచ్‌లైనా అన్నీ సరిగ్గా ఒకే ప్రెజర్ దగ్గర పనిచేయవు. పాతది 0.5 దగ్గర వెలుగుతూ, కొత్తది 0.3 దాకా ఆగితే, ఇంజిన్‌లో ఏమీ బాగుపడకుండానే లైట్ మాత్రం ఆరిపోతుంది.

రెండోది, చిక్కటి ఆయిల్. పలచటి గ్రేడైన 5డబ్ల్యూ-30 తీసేసి చిక్కటి 20డబ్ల్యూ-50 పోయమనే సలహా. ప్రెజర్ నిజంగానే కాస్త తగ్గి లైట్ వస్తుంటే, చాలాసార్లు ఆగుతుంది కూడా. వేడెక్కినా చిక్కగా ఉండే ఆయిల్ అరిగిన బేరింగుల సందుల్లోంచి త్వరగా జారిపోదు కాబట్టి ప్రెజర్ పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ స్ట్రెయినర్ (పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండే జల్లెడ) మూసుకుపోయిన ఇంజిన్‌లో ఇదే పని చేస్తే పీల్చుకోవడం ఇంకా కష్టమవుతుంది, ముఖ్యంగా చల్లటి స్టార్ట్‌లో. టర్బో ఉన్నవాటికీ, వాల్వ్ టైమింగ్‌ను ఆయిల్ ప్రెజర్‌తోనే మార్చుకునే ఇంజిన్లకూ ఇది మరీ ఇబ్బంది. బీపీ చూడకుండానే బీపీ మాత్ర వేసుకోవడం లాంటిది. ఓనర్ మాన్యువల్‌లో ఇచ్చిన గ్రేడుల్లో కాస్త చిక్కటిది ఎంచుకోవడం వేరే సంగతి, అందులో తప్పేమీ లేదు. బేరింగులు అరిగాయని తేలిన పాత బండిని ఇంకొన్నాళ్లు నడుపుకోవాలనుకుంటే, తెలిసి చేసే సర్దుబాటు అది. తెలియకుండా చేస్తే మాత్రం లక్షణాన్ని దాచినట్టే.

మూడోది, నా ఓటు పడేది, మెకానికల్ గేజ్, అంటే ఆయిల్ ప్రెజర్‌ను నేరుగా ముల్లుతో చూపించే మీటరు. స్విచ్ విప్పి ఆ రంధ్రంలోనే గేజ్ బిగిస్తారు. వీలుంటే టీ అడాప్టర్ (ఒకే రంధ్రానికి రెండూ బిగించే T ఆకారపు జాయింటు) వేయించండి. అప్పుడు స్విచ్ కూడా ఉంటుంది, ముల్లూ లైటూ పక్కపక్కనే కనిపిస్తాయి. మా కారుకు ఇలాగే పెట్టించాం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముల్లు 4 దాటింది. దాన్ని చూసి "ఇంకేం, బ్రహ్మాండం" అనుకుంటే మోసపోయినట్టే, చల్లటి ఆయిల్ ఎప్పుడూ అలాగే చూపిస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండు సార్లు తిరిగి ఆగేదాకా ఆగాలి. ముల్లు మెల్లగా దిగి, ఐడ్లింగ్‌లో 1.4 దగ్గర సన్నగా వణుకుతూ నిలబడింది. అప్పుడు వెలిగింది లైట్. ముల్లు కదల్లేదు. మెకానిక్ వైరు కదిపితే ఆరలేదు, స్విచ్ మీద స్పానర్‌తో చిన్నగా తడితే ఆరింది.

చివరికి మార్చింది స్విచ్చే. "ఆ మాట మెకానిక్ మొదటి రోజే చెప్పాడు కదా" అని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతుంటారు. నిజమే, చెప్పాడు. కానీ ఆ 1.4 అనే అంకె చూడకుండా కొత్త స్విచ్ వేయించుకుని ఉంటే, లాంగ్ డ్రైవ్‌లో నా కళ్లు రోడ్డు మీద కన్నా డాష్‌బోర్డు మీదే ఎక్కువ ఉండేవి. ఆ టెన్షన్‌కు గేజ్ పెట్టించిన కూలీ ఏమూలకు?

లైట్ అబద్ధం చెప్పడం లేదని తేలినా గేజే దారి చూపిస్తుంది. వేడి ఐడ్లింగ్‌లో మాత్రమే తక్కువుండి, రేస్ చేస్తే చక్కగా పెరుగుతోందంటే పలచబడిన ఆయిల్, అరిగిన బేరింగులు లేదా పంపు. స్పీడు పెంచేకొద్దీ ముల్లు పడిపోతోందంటే సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి స్ట్రెయినర్ చూడాలి. మడ్డి, ఎక్కువగా పూసిన సిలికాన్ సీలెంట్ ముక్కలు, ఆయిల్‌లోనే తిరిగే టైమింగ్ బెల్టున్న ఇంజిన్లలో ఆ బెల్టు పొట్టు అక్కడ పేరుకుంటాయి. ఇంజిన్ ఆపి కాసేపాగితే ఆ చెత్త కిందికి జారి ప్రెజర్ మళ్లీ మామూలుగా కనిపిస్తుంది, అందుకే ఇది చాలాకాలం దొరకదు. ఉన్నట్టుండి పడిపోయి, ఉన్నట్టుండి తిరిగొస్తుంటే ప్రెజర్ మరీ పెరగకుండా చూసే రిలీఫ్ వాల్వ్‌లో నలుసు ఇరుక్కుని ఉండొచ్చు.

మడ్డి కడిగే ఇంజిన్ ఫ్లష్, ఆయిల్‌లో కలిపే అడిటివ్ డబ్బాలు ఈ సమస్యకు నేను లెక్కలోకి తీసుకోను. పాత మడ్డిని ఒక్కసారిగా కదిపితే అది పోయి చేరేది స్ట్రెయినర్ దగ్గరికే. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ కొంత ఉపయోగం. పి0522, పి0523 లాంటి కోడ్ వస్తే ముందు వైరింగ్, సెన్సర్ చూడొచ్చు. పి0524 వస్తే ప్రెజర్ మరీ తక్కువైందని కంప్యూటర్ అంటోంది. అయితే కంప్యూటర్ చూసేది కూడా ఆ అనుమానంలో ఉన్న సెన్సర్ కళ్లతోనే.

గేజ్‌కూ హద్దులున్నాయి. వేడి ఆయిల్ ఉన్న గొట్టం ఎగ్జాస్ట్‌కు తగలకుండా కట్టాలి, కాబట్టి తెలిసినవాళ్ల చేతే పెట్టించండి. షెడ్డులో ఎంతసేపు నిలబెట్టినా లైట్ రాకపోతే గేజ్ ఉండగానే మెకానిక్‌తో కలిసి ఒక రౌండు తిప్పాల్సి రావచ్చు. కొత్త ఇంజిన్లలో లోడును బట్టి ప్రెజర్‌ను తనే తగ్గించి పెంచుకునే పంపులు వస్తున్నాయి. అలాంటి వాటికి నేను పైన చెప్పిన అంకెలు పట్టుకుని కంగారు పడొద్దు, ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత ఉండాలని రాశారో ముందు తీయించి, దాంతో పోల్చి చూడమనండి.