చిన్న సీసానా, పెద్ద క్యానా? కిడ్నీ రాళ్లకు ఏ మూత్ర పరీక్ష మేలు

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. మూత్రం అలా కాదు. నిద్ర లేవగానే చిక్కగా ఉంటుంది, రెండు గ్లాసుల మజ్జిగ తాగితే పలచబడుతుంది. రాత్రి తిన్న బిర్యానీలోని ఉప్పు, మాంసం ప్రభావం మర్నాటి దాకా కనిపిస్తూనే ఉంటుంది.

అయినా చిన్న సీసాలో ఇచ్చే మామూలు పరీక్షను తీసిపారేయలేం. రక్తకణాలు, ఇన్‌ఫెక్షన్, స్ఫటికాలు తక్కువ ఖర్చుతో బయటపడతాయి. మూత్రం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే పీహెచ్ ఎప్పుడు చూసినా 5.5 కంటే తక్కువుంటే యూరిక్ యాసిడ్ రాళ్లను అనుమానించాలి. రోజంతా పట్టడం కష్టమైన చిన్న పిల్లలకూ ఇదే దిక్కు. చిక్కల్లా ప్రోటీన్ దగ్గర వస్తుంది. రిపోర్టులో 'ప్రోటీన్: నిల్' అని చూసి, మాంసం మితంగానే తింటున్నామని మురిసిపోయేవాళ్లున్నారు. ఆ గడిలో చూసేది కిడ్నీ వడపోత నుంచి జారిపోయే ఆల్బుమిన్‌ను. పళ్లెంలోని ప్రోటీన్ లెక్క అందులో ఉండదు.

ఆ లెక్క కావాలంటే 24 గంటల మూత్రాన్ని పెద్ద క్యానులో పట్టి, ఒంట్లో ప్రోటీన్ ఖర్చయ్యాక యూరియాగా బయటికొచ్చే నైట్రోజన్‌ను (యూరియా నైట్రోజన్) చూడాలి. 70 కిలోల మనిషికి 10 గ్రాములు వచ్చిందనుకుందాం. ఇతర దారుల్లో పోయే నైట్రోజన్ కింద కిలోకు 0.031 గ్రాము చొప్పున 2.17 కలిపి, నైట్రోజన్‌ను ప్రోటీన్‌గా మార్చే 6.25తో గుణిస్తే రోజుకు సుమారు 76 గ్రాముల ప్రోటీన్. రాళ్లు వచ్చేవాళ్లకు యూరప్ యూరాలజీ మార్గదర్శకాలు జంతు ప్రోటీన్‌కు పెట్టిన హద్దు కిలోకు 0.8 నుంచి 1 గ్రాము, అంటే ఈయనకు 56 నుంచి 70; పై 76లో మాత్రం పప్పు ప్రోటీన్ కూడా కలిసి ఉంటుంది. తిన్నవన్నీ రాయమంటే పప్పు గుర్తుంటుంది, సాయంత్రం కొరికిన చికెన్ ముక్కలు గుర్తుండవు. అందుకే నాకు నోటి మాట కంటే యూరియా మీదే నమ్మకం. జ్వరం ఉన్నా, బరువు మారుతున్నా మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

మాంసం ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది, రాయిని అడ్డుకునే సిట్రేట్ తగ్గుతుంది. ఆ రెండూ, కాల్షియంతో కలిసి రాయి కట్టే ఆక్సలేట్, సోడియం, మొత్తం పరిమాణం అదే క్యానులో దొరుకుతాయి. మూత్రం రోజుకు రెండున్నర లీటర్లకు తగ్గకూడదు.

క్యానుతో తంటా లేకపోలేదు. ఉదయం మొదటిసారి పోసింది పారబోసి, మర్నాడు ఉదయానిది కలపాలి. ఆఫీసుకు మోసుకెళ్లడం సిగ్గనిపిస్తుంది కాబట్టి సెలవు రోజు పట్టేవాళ్లే ఎక్కువ. ఆ రోజే బుద్ధిగా నీళ్లు తాగి, మాంసం మానేస్తే పరీక్ష వృథా. మధ్యలో ఒకసారి మరచిపోతే, రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలో పోయే క్రియాటినిన్ తగ్గి పట్టిస్తుంది.

పెద్దవయసులో మొదటిసారి చిన్న రాయి వచ్చి, ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే చిన్న సీసా, పడిన రాయి విశ్లేషణ చాలు. రెండోసారి వచ్చినా, ఒకే కిడ్నీ ఉన్నా క్యానే మేలు, వీలైతే రెండు వేర్వేరు రోజులు. ఆహారం మార్చిన కొన్ని నెలలకు మళ్లీ పట్టండి.