రిటైర్మెంట్ డబ్బు: పోస్టాఫీసు పథకమా, పింఛను పాలసీనా?

భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో సింగరేణి నుంచి రిటైరైన మనిషికి 20 లక్షలు చేతికొచ్చాయనుకుందాం. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేయాలా, బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ (ఒకేసారి డబ్బు కట్టి, బతికున్నంత కాలం పింఛను తీసుకునే పాలసీ) కొనాలా? అందరూ వడ్డీ ఎంతని అడుగుతారు. ఆయన పోయాక భార్య చేతికి ఏమొస్తుంది, ఎంత తిప్పలు పడితే వస్తుంది అన్నది నేను ముందు చూస్తాను.

పోస్టాఫీసులో 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 41,000 వస్తాయి. ఐదేళ్లదాకా ఆ రేటు మారదు. వడ్డీ అంతా ఆదాయం కిందికే వస్తుంది కానీ కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను పడదు. ఏడాది వడ్డీ లక్ష దాటితే చేతికిచ్చే ముందే పన్ను (టీడీఎస్) కోస్తారు కాబట్టి, తనకు పన్ను పడదని ఏప్రిల్‌లోనే డిక్లరేషన్ ఇచ్చేయాలి.

అసలు తేడా చావు తర్వాత తెలుస్తుంది. భార్య జాయింట్‌గా ఉన్నా, ఆమె ఒక్కతే నామినీ అయినా, అప్పటికి ఈ పథకానికి ఆమెకూ అర్హత ఉంటే ఖాతాను అదే వడ్డీతో గడువుదాకా నడుపుకోవచ్చు. కొడుకు నామినీ అయితే మూసేయాల్సిందే. పైగా చనిపోయిన రోజు నుంచి మామూలు సేవింగ్స్ వడ్డీయే వస్తుంది. దుఃఖంలో ఏడాది పట్టించుకోని ఇంటికి అది పెద్ద నష్టం. వారసత్వంగా వచ్చిన అసలు మీద మాత్రం పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు.

యాన్యుటీకున్న గొప్ప బలం, రేటు జీవితాంతం మారకపోవడం. పింఛను మీద పన్ను లెక్క వడ్డీ లాగే. ఏజెంటు చూపే కాగితంలో అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్న వరుస మాత్రం జాగ్రత్తగా చదవండి: మనిషి బతికున్నంత కాలమే పింఛను, పోయాక భార్యకు పైసా రాదు. ఇద్దరి పేర్లమీద, అసలు తిరిగొచ్చే రకం తీసుకుంటే నెలకు కాస్త తగ్గుతుంది, కానీ ఆమెకు పింఛను ఆగదు, చివరికి పిల్లలకు అసలు అందుతుంది.

నా మాటైతే, ఎక్కువ భాగం పోస్టాఫీసులో, భార్యను జాయింట్‌గా పెట్టి. ఇల్లు కట్టాలి, బండి కొనాలి అని పిల్లలు ఆమెను ఒత్తిడి చేసే ఇల్లయితే మాత్రం సగం యాన్యుటీ మేలు. అక్కడి అసలు అడిగిన వెంటనే తీసిచ్చేది కాదు.

ఏది ఎంచుకున్నా పాసుబుక్కు, పాలసీ, ఆధార్ మూడింటిలో ఆమె పేరు ఒకేలా ఉందో చూడండి. ఒకచోట 'లక్ష్మి', ఇంకోచోట ఇంటిపేరుతో 'లక్ష్మీదేవి' అని ఉంటే ఆయన ఉండగానే దిద్దించండి.