కప్ప టెన్షన్ దేనితో తెలుస్తుంది: రక్తంలో షుగరా, మూత్రంలో కార్టికోస్టెరానా?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే జువాలజీ పిల్లలు తప్పకుండా అడుగుతారు: "సార్, కప్పలకి స్ట్రెస్ ఉందో లేదో గ్లూకోమీటర్‌తో చూసేయొచ్చు కదా, హార్మోన్ కిట్ ఎందుకు?" అడగడంలో తప్పు లేదు. మీటర్ మందుల షాపులో దొరుకుతుంది, చిన్న చుక్క చాలు, క్షణాల్లో అంకె వస్తుంది. కిట్ అయితే తెప్పించుకోవాలి, శాంపిళ్లు ఫ్రీజర్లో దాచాలి, 96 గుంటల ప్లేటు నిండేదాకా ఆగాలి. ఖర్చు గురించి చెప్పనే అక్కర్లేదు.

అయినా నేను హార్మోన్ వైపే ఉంటాను, అంటే బెదురుతో పెరిగే కార్టికోస్టెరాన్‌ని మూత్రంలో కొలవడం వైపు.

డిసెక్షన్ చేసిన తరానికి గుర్తుండే ఉంటుంది: కప్ప అడ్రినల్ మనకున్నట్టు కిడ్నీల మీద టోపీలా ఉండదు, వాటి అడుగు వైపు పసుప్పచ్చని చారలా అంటుకుని ఉంటుంది. అడ్రినలిన్ ఇచ్చే కణాలు, కార్టికోస్టెరాన్ ఇచ్చే కణాలు అందులోనే కలిసిపోయి ఉంటాయి. పని మాత్రం వేరు. కప్పని చేత్తో పట్టగానే అడ్రినలిన్ కాలేయంలోని గ్లైకోజెన్‌ని (అక్కడ దాచుకున్న చక్కెర నిల్వని) కరిగించి, నిమిషాల్లో గ్లూకోజ్‌ని రక్తంలోకి వదిలిస్తుంది. కార్టికోస్టెరాన్‌ది నిదానం. జన్యువుల ద్వారా గంటల తరబడి పనిచేసి, ప్రోటీన్ నుంచి కొత్త గ్లూకోజ్ తయారయ్యేలా చూస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు. షుగర్ పెరగాలంటే కాలేయంలో సరుకుండాలి. వానాకాలమంతా పురుగులు తిని బలిసిన కప్ప, ఎండాకాలం మట్టిలో దాగి అప్పుడే బయటికొచ్చిన కప్ప, రెండూ ఒకేలా బెదిరినా మీటర్లో అంకెలు ఒకేలా రావు. ఉత్తర అమెరికాలో 'వుడ్ ఫ్రాగ్' అనే అడవి కప్పని చూడండి. చర్మానికి మంచు తగిలిన నిమిషాల్లోనే దాని కాలేయం గ్లైకోజెన్ కరిగించడం మొదలుపెడుతుంది. రక్తంలో గ్లూకోజ్ లీటరుకి 200 మిల్లీమోల్స్ దాటిపోవచ్చు. అదే కొలతలో మన పరగడుపు షుగర్ 5 దగ్గర ఉంటుంది. గడ్డకట్టినా కణాలు చావకుండా కాపాడేది ఆ చక్కెరే. శీతాకాలం ముందు నింపుకున్న నిల్వ అయిపోయాక, వసంతంలో అదే కప్ప అంత చక్కెర తీయలేదు. కాబట్టి షుగర్ అంకెలో బెదురు ఎంతో, నిల్వ ఎంతో విడదీయడం కష్టం.

రెండోది మన చెయ్యి. సూది గుచ్చేలోపే మనం పట్టుకున్న బెదురుతో షుగర్ మారడం మొదలవుతుంది. మూత్రం అలా కాదు. గోండ్రుకప్పని ఎత్తగానే చాలాసార్లు మూత్రం పోస్తుంది. చిన్న సీసా కింద పెడితే చాలు, సూదితో పనిలేదు. ఆ మొదటి చుక్కల్లో ఉన్నది మనం పట్టుకోకముందు గంటల సంగతి. పోయిన వానాకాలం మేం ఇదే పద్ధతికి మారాం. అంతకుముందు ఒక చిన్న కప్ప రక్తానికి మీటర్ 'Lo' (కొలవలేనంత తక్కువ) అని చూపించి ఊరుకుంది. అది మనిషి రక్తానికి చేసిన మీటర్ మరి.

కార్టికోస్టెరాన్‌కీ ఇబ్బందులున్నాయి. నీళ్లలో కూర్చున్న కప్ప మూత్రం పలచగా ఉంటుంది కాబట్టి క్రియాటినిన్‌తో (మూత్రం ఎంత పలచనో చెప్పే వ్యర్థంతో) సరిచూసుకోవాలి. రాత్రంతా బెకబెకలాడే మగకప్పలో ఏ బెదురూ లేకుండానే ఈ హార్మోన్ ఎక్కువ ఉండొచ్చు, అరవడానికి అంత శక్తి కావాలి మరి. గుంట ఎండిపోతుంటే తోకకప్పల్లోనూ పెరుగుతుంది, అక్కడ అది త్వరగా కప్పగా మారి బయటపడటానికి సాయం. అందుకే మగ, ఆడ, కాలం, పట్టిన వేళ రాసుకోకుండా పోల్చకండి.

స్ట్రెస్ కోసం రక్తంలో తెల్లరక్తకణాల రకాల నిష్పత్తి కూడా చూడొచ్చు, అయితే అది మారడానికి టైం పడుతుంది. అడ్రినలిన్‌నే కొలుద్దామంటే, ఫీల్డులో మన చేతికి చిక్కేంత సేపు అది నిలవదు.

మీ ప్రశ్నే షుగర్ గురించైతే మాత్రం మీటర్ వాడండి. ఒకే కప్పని పట్టగానే ఒకసారి, గంట తర్వాత మరోసారి చూస్తే అడ్రినలిన్ పని కళ్లముందు కనబడుతుంది. ఈ తొలకరికి మా పిల్లలు సీసాలు, ఐస్ డబ్బా సిద్ధం చేసుకున్నారు. మీటర్ కూడా సంచిలోనే ఉంది, ఆ రెండో పరీక్ష కోసం.